మనుషులు లేని కార్ల ఫొటోలు

హిదాయతుల్లా మీద అతని భార్య జుబేదాకి ఉన్న ఫిర్యాదులన్నీ రాయాలంటే రెండొందల పేజీల నోటుబుక్కు చాలదు. ముప్పై ఏళ్ళుగా ఏలూరులో కనిపించిన ప్రతివాళ్ళనీ "కొంచెం నవ్వండి, ఇటు చూడండి" అని బతిమాలే ఆ మనిషి, ఇంటి గుమ్మం దగ్గరకొచ్చేసరికి ఆ నవ్వుని చెప్పులతో పాటు బయటే విడిచేసి వస్తాడు. అన్నం తినేటప్పుడు కూడా కిటికీ వెలుగు కంచం మీద పడేలా కుర్చీ జరుపుకుంటాడు. ఆ వెలుగులో కూర బాగా కనిపిస్తుందే తప్ప, బాగుందని మాత్రం అతని నోటివెంట రాదు. ఇవన్నీ పాతవి. ఆమె వాటికి అలవాటు పడింది. కొత్తది మొన్న శనివారంనాటిది, దానికి మాత్రం అలవాటు పడే ఉద్దేశం ఆమెకి లేదు.

ఆ శని, ఆదివారాలు పవర్‌పేటలో ఒక ఏసీ ఫంక్షన్ హాల్లో మోటార్ షో పెట్టారు. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే వేదిక మీద ఒక ఎర్ర కారు, భోజనాల హాల్లో ఎనిమిది, చేతులు కడుక్కునే కుళాయిల పక్కన రెండు, మొత్తం పదకొండు కార్లు. షో నడిపే మురళి ఫొటోల పని హిదాయతుల్లాకి ఇచ్చాడు. పెళ్ళిళ్ళన్నీ డ్రోన్లు ఎగరేసే కుర్రాళ్ళ చేతికి వెళ్ళిపోయాక, వాళ్ళ స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటోలూ, చనిపోయినవాళ్ళ ఫొటోలు పెద్దవి చేయించుకునేవాళ్ళూ మాత్రమే మిగిలారు. ఇక్కడ పని సవ్యంగా జరిగితే వచ్చే వారం తాడేపల్లిగూడెం, ఆ పై వారం భీమవరం, ఏడాది పొడుగునా మురళి పెట్టే షోలన్నీ హిదాయతుల్లావే. జరక్కపోతే స్టూడియో షట్టరు దించేసి, బావమరిది నవీద్ టైర్ల కొట్లో టైర్లు దొర్లించుకోవాలి. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికీ తెలుసు. ముగ్గురూ పైకి అనరు.

శనివారం పదకొండింటికి, హాలు తలుపులు ఇంకా జనానికి తెరవకముందే, జుబేదా క్యారేజీ పట్టుకుని వెళ్ళింది. రిబ్బను కత్తిరించడం అప్పుడే అయింది. బంతిపూల రేకులు కార్పెట్టు మీద అలాగే ఉన్నాయి. హిదాయతుల్లా నల్ల కారు ముందు వంగి కెమెరాలో చూసుకుంటున్నాడు. ఆ నల్ల తలుపు నిండా సీలింగు ట్యూబులైట్లు తెల్లటి గీతల్లా పడుతున్నాయి. గీతల మధ్యలో హిదాయతుల్లా ఉన్నాడు.

"ఏవండీ, కారు తలుపులో మీరు పడుతున్నారు," అంది జుబేదా మెల్లగా. "పొట్టతో సహా."

మంచి సలహాయే. పదహారేళ్ళుగా ఆ స్టూడియో ఫొటోలన్నీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని బాగుచేస్తున్నది ఆమే. పైగా మురళి అక్కడే ఉన్నాడని గొంతు తగ్గించే చెప్పింది. హిదాయతుల్లా మాత్రం గొంతు తగ్గించలేదు.

"మా ఆవిడ బీయస్సీ ఫిజిక్సండీ మురళిగారూ. దోసె తిరగేసినా కోణం కొలిచి తిరగేస్తుంది."

మురళి పగలబడి నవ్వాడు. "అయితే కెమెరా మేడమ్‌గారికే ఇచ్చేద్దామండీ!"

"ఇస్తే కింద పడేస్తుందండీ. క్యారేజీ మూతే సరిగ్గా పెట్టదు. చూడండి, పప్పుచారెలా కారుతోందో."

నిజంగానే కారుతోంది. జుబేదా క్యారేజీని మురళి కూర్చునే తెల్లగుడ్డ బల్ల మీద, కావాలనే, గుడ్డకి సరిగ్గా నడిమధ్యన పెట్టి ఇంటికొచ్చేసింది.

సాయంత్రం ఆరున్నరకి హిదాయతుల్లా వచ్చి, కెమెరా కార్డులు రెండూ డైనింగ్ టేబుల్ మీద పెట్టాడు. డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న కూతురు మెహర్ అక్కడే కూర్చుని రికార్డు రాసుకుంటోంది.

"మెహర్, మీ అమ్మని ఇవి కాపీ చేసి, బాగున్నవి ఏరి పెట్టమను."

మెహర్ తలెత్తి, మూడడుగుల దూరంలో చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లిని చూసింది. "అమ్మా, కాపీ చేసి ఏరమంటున్నారు."

"ఏం ఏరాలో అడుగు."

"నాన్నా, ఏం ఏరాలంట?"

"పదహారేళ్ళ నుంచి ఏరుతోందిగా. ఇప్పుడు కొత్తగా నేర్పాలా? పేద్ద ఫిజిక్సు కదా."

"అమ్మా, నాన్న..."

"వినబడింది. నాకు చెవులున్నాయని చెప్పు."

అక్కడ ఇంకొక్క ప్రశ్న ఎవరైనా అడిగి ఉంటే సరిపోయేది. మెహర్ రికార్డులోకి తల దించేసుకుంది. హిదాయతుల్లా స్నానానికి వెళ్ళిపోయాడు. జుబేదా చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, చేతులు కడుక్కుని కంప్యూటర్ ముందు కూర్చుంది.

మొత్తం తొమ్మిదొందల పైచిలుకు ఫొటోలు. మొదటి యాభై చూసేసరికే ఆమె పెదవి చివర నవ్వు మొలిచింది. అనుకున్నంత పనీ చేశాడు. కార్లు తియ్యమంటే పెళ్ళి తీశాడు. ప్రతి కారు ముందూ ఒక కుటుంబం, ఎడమవైపు మొగుడు, కుడివైపు పెళ్ళాం, ముందు పిల్లలు. అచ్చం రిసెప్షన్లో చదివింపులు అయ్యాక నిలబెట్టే వరస. ఎక్కడా బంపరు పూర్తిగా కనపడదు. ఒకచోట హెడ్‌లైటు మీద ఎవరిదో చెయ్యి, ఇంకోచోట కారు నంబరు ప్లేటుకి అడ్డంగా చంటిపిల్ల. ఎదురుగా మనిషి నిలబడకపోతే ఆ మహానుభావుడి వేలికి బటన్ నొక్కడం రాదు కాబోలు!

కార్ల ఫొటోలంటే ఎలా ఉండాలో ఆమెకి తెలుసు. పత్రికల్లో చూసింది. ఖాళీగా, నిగనిగలాడుతూ, చుట్టూ ఎవరూ లేకుండా. అలాంటివి ఏరితే అరవై మూడు తేలాయి, అన్నీ వెలుగు సరిచూసుకోడానికి అతను పొద్దున్నే తీసుకున్నవి. రిబ్బను కత్తిరించిన పెద్దమనిషి ఫొటో కూడా ఒకటి మర్యాదకి ఉంచింది. ఆ అరవై మూడింటి మీదా రెండు గంటలు పనిచేసింది. ట్యూబులైట్ల గీతలు తుడిచింది. నల్ల తలుపులోంచి మొగుణ్ణి మొత్తంగా తీసేసింది. ముందు పొట్ట, తరవాత తల. అంత హాయిగా ఆమె చేసిన పని ఈమధ్య మరొకటి లేదు.

మిగతావి డిలీట్ చేసింది. కంప్యూటర్ చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. వంటింట్లోనైనా కంప్యూటర్లోనైనా నిండిన చెత్తబుట్ట ఉంటే ఆమెకి తోచదు. రెండు కార్డులూ ఎప్పట్లాగే చెరిపి శుభ్రం చేసి సంచీలో పెట్టింది. ఏరినవి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్ళి ఆయన కళ్ళజోడు మీద పెట్టింది.

ఆదివారం హిదాయతుల్లా తొమ్మిదింటికే వెళ్ళిపోయాడు. పదిన్నరకి జుబేదా చీర మార్చుకుంది. "ఎక్కడికమ్మా?" అంది మెహర్. "ఆ మురళి నా ఫొటోలు చూసి ఏం మొహం పెడతాడో చూసొస్తా," అని చెప్పి ఆటో ఎక్కింది.

హాలు తలుపు తోసేసరికి లోపల వరస. భోజనాల హాలు మొదట్లో ఉన్న కౌంటరు నుంచి కుళాయిల దాకా జనం, అందరి చేతుల్లోనూ పసుపుపచ్చ టోకెన్లు. కౌంటరు మీద ఒక ప్రింటరు. దాని వెనక హిదాయతుల్లా లాప్‌టాప్ మీదికి వంగి ఉన్నాడు. అంత ఏసీలోనూ చొక్కా వీపుకి అంటుకుపోయింది. అతని నెత్తి మీద గోడకి, నిన్న ఆమె వచ్చినప్పుడు తిరగేసి నేల మీద పెట్టి ఉన్న బోర్డు వేలాడుతోంది. "మీకు నచ్చిన కారుతో మీ కుటుంబం ఫొటో. శనివారం దిగండి, ఆదివారం తీసుకెళ్ళండి. ఉచితం."

జుబేదా ఆ బోర్డు రెండుసార్లు చదివింది.

"నూట పన్నెండు లేదంటారు, నూట పదమూడు లేదంటారు. అసలేదైనా ఉందాండీ?" మురళి గొంతు హాలంతా వినపడుతోంది. "ఫొటో చేతికిచ్చి ఫోన్ నంబరు తీసుకుంటేనే గదండీ రేపు మావాళ్ళు వీళ్ళతో మాట్లాడేది! ఇంత షో దానికోసమే పెట్టాం. మీరేమో ఖాళీ కార్లు తెచ్చారు. ఖాళీ కార్లు నా గోడౌన్లో బోలెడున్నాయండీ!"

"కార్డు పాడైందండీ," అన్నాడు హిదాయతుల్లా. "పొరపాటు నాదే. ఇప్పుడే మళ్ళీ తీసిస్తాను, పది నిమిషాల్లో..."

"మళ్ళీ తీస్తారా?" వరసలో ముందున్న ఆమె అందుకుంది. చేతిలో టోకెన్‌తో పాటు బట్టల కొట్టు పాత కవరు, అందులో ఖాళీ ఫొటో ఫ్రేము. పక్కన నిలబడ్డ మొగుడు రామకోటి ఆమె మోచెయ్యి పట్టుకుని "ఊరుకోవే బేబీరాణీ" అంటున్నాడు. ఆమె ఊరుకునే మనిషిలా లేదు.

"ఏవండీ ఫొటో మాస్టారూ, మాది కొల్లేటికోటండి. మా అత్తగారికి మోకాళ్ళు లేవండి. నిన్న ఇద్దరు పట్టుకుని ఆటో ఎక్కించి, ఆకివీడులో బస్సెక్కించి ఇంత దూరం తెచ్చాం. కారెక్కి ఫొటో దిగాలని ఆవిడ ముచ్చట. ఇవాళ మళ్ళీ ఎవరు మోసుకొస్తారండి, మీరా?"

"అమ్మా, నేను చెప్పేది..."

"పోనీ కారే మా ఊరు పట్టుకొస్తారా?"

వరసలో కొందరు నవ్వారు. బేబీరాణి నవ్వలేదు. లాప్‌టాప్‌ని తనవైపు తిప్పుకుంది. "చూడండి, ఈ రిబ్బను కోసినాయన ఉన్నాడు. ఈయన ఎలా మిగిలాడండి? కార్డు పాడైతే ఈయనా పోవాలిగా? చేపల చెరువుల మీద పనోళ్ళం, నీచు కంపు కొడతామని మమ్మల్ని తీసి పారేశారు. అంతేగా? నిన్న మాత్రం నవ్వండి నవ్వండి అని పళ్ళు నొప్పెట్టేలా నవ్వించారు."

వరస వెనకాల నుంచి ఎవరో "నిజమేగదా" అన్నారు. ఇంకెవరో "అడగండి, అడగండి" అన్నారు.

మురళి మొహం ఎర్రబడింది. "హిదాయత్‌గారూ, ఇక్కడితో చాలండి. గూడెం సంగతి మర్చిపోండి. కెమెరా సర్దుకోండి."

హిదాయతుల్లా తలెత్తాడు. అప్పుడు కనిపించింది అతనికి జుబేదా, తలుపు దగ్గర, ఉతికిన చీరలో. ఇప్పుడు చెబుతాడనుకుంది. అదిగో మా ఆవిడ, బీయస్సీ ఫిజిక్సు, ఆవిణ్ణే అడగండి అంటాడనుకుంది. అనడానికి అన్ని హక్కులూ ఉన్నాయి. అతను ఆమెని చూశాడు, చూపు తిప్పుకున్నాడు, కెమెరా బెల్టు చుట్టడం మొదలుపెట్టాడు. అంతే.

ఆటోలో వెనక్కి వెళ్ళిపోవచ్చు. ఎవరికీ తెలియదు. పైగా ఆమె దగ్గర జవాబుంది, మంచి జవాబు, నిన్నటి నుంచి నోట్లో నానుతున్నది. ఏం ఏరాలని నేను అడగలేదా? అడిగిస్తే ఈయన చెప్పాడా? ఆ జవాబు నాలుక చివర పెట్టుకునే ఆమె కౌంటరు దాకా నడిచింది.

"మురళిగారూ, కార్డు పాడవలేదండి. ఆ ఫొటోలు తీసేసింది నేను."

"జుబేదా, నువ్వూరుకో," అన్నాడు హిదాయతుల్లా. శనివారం పొద్దుటి తరవాత ఆమెతో నేరుగా అన్న మొదటి మాట.

"మీరు సర్దుకోండి," అంది ఆమె. ఆమెదీ మొదటి మాటే.

మురళి ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీ ఇంటి గొడవలు నాకెందుకండీ? ఇంతమందీ, పేదవాళ్ళని మా షోవాళ్ళు తీసేశారనుకుంటూ పోతున్నారు. నాకు చెప్పి ఏం లాభం? చెప్తే వీళ్ళకి చెప్పండి. అదిగో మైకు. చెప్పాక, గూడెం సంగతి అప్పుడు ఆలోచిద్దాం. ఇప్పుడైతే మాటివ్వను."

మైకు పెళ్ళివేదిక మీద ఎర్ర కారు పక్కన ఉంది. జుబేదా మెట్లెక్కింది. మైకు ముందు ఆమె నిలబడటం ఇదే మొదటిసారి, నోటికి ఎంత దూరంలో పెట్టుకోవాలో తెలియక అది ఒకసారి కీచుమంది. పిల్లలు చెవులు మూసుకున్నారు. కింద బేబీరాణి ఖాళీ ఫ్రేమున్న కవరు గుండెకి ఆనించుకుని, గడ్డం పైకెత్తి, ఏం కూస్తుందో కూయనీ అన్నట్టు చూస్తోంది.

"నా పేరు జుబేదా అండి. ఈ ఫొటోలు తీసినాయన భార్యని." గొంతు తనది కానట్టు హాల్లో తిరిగొచ్చింది. "ఆయన మీ అందరి ఫొటోలూ తీశారు, బాగానే తీశారు. తీసేసింది నేను. మీరు ఫలానావాళ్ళు అని చూసి తీసెయ్యలేదండి..."

"మరి రిబ్బనాయన?" అని కింద నుంచి కేక.

"ఆయన్ని మర్యాదకి ఉంచాను." అది పైకి అన్నాక ఎలా వినిపించిందో ఆమెకే తెలిసింది. కౌంటరు దగ్గర హిదాయతుల్లా బెల్టు చుట్టడం ఆపేశాడు. చెప్పాలనుకున్న మంచి జవాబు నాలుక మీదికొచ్చింది. దాన్ని మింగేసింది.

"మీరు ఫలానా అని తెలియాలంటే ముందు మొహాలు చూడాలి కదండీ. నేను చూడలేదు. తొమ్మిదొందల ఫొటోల్లో కార్లే చూశాను. మీరు అడ్డమొచ్చారనుకున్నాను. బేబీరాణిగారి అత్తగారు ఏ కారులో కూర్చున్నారో, ఏ చీర కట్టుకొచ్చారో ఇప్పుడు మీరడిగినా నేను చెప్పలేను. మా ఆయన్ని తప్పు పట్టాలని కూర్చున్నాను, పట్టానని సంబరపడ్డాను. ఆయన తప్పేం లేదండి. తప్పు నాది."