నూకరత్నం తల ఎటు?

ఈ పొద్దున మా చెల్లెలు నూకరత్నం తల కిందా, అరికాళ్ళు పైనా ఉన్నాయి. నడుము మాత్రం ఉన్నచోటే ఉంది.

మా వీధి ఒక పేగు లోపలి పొర. ఇళ్ళు లేవు, మేమే ఉన్నాం, నడుముకి నడుము కుట్టుకుని, సూది దూరే సందు లేకుండా. తలలు పైకి, కాళ్ళు చాప మీద. పైనుంచి గంజి వస్తుంది. జుట్టుతో పీల్చుకుని, చాప కిందున్న నెత్తుటి కాలవకి అరికాళ్ళ గుండా దించుతాం. మాకు వేరే పని తెలియదు.

రోజూ గంజికి ముందు మంగతాయారు పిన్ని, దారానికి కట్టిన ఇత్తడి గుండుతో మా తలల మీద నడుస్తూ వస్తుంది. గుండు వేలాడదీసి ఒక్కొక్కరి నిలువు చూస్తుంది. దిక్కు తప్పినవాళ్ళని పక్కవాళ్ళిద్దరూ నొక్కి గంజిలోకి తోసెయ్యాలి. పోయినవారం ఒక ముసలాయన్ని నేనే తోశాను. ఆ పూట గంజి బాగానే తాగాను.

"ఏమే, తిరుగు! చాప ఎటుందో తెలీట్లేదా?"

"చాప పైనే ఉంది కదక్కా. మీరందరూ తిరగబడ్డారేంటి?"

దీని మొండితనం తగలెయ్య! అరికాళ్ళు చాపకి ఆనితే గానీ దిక్కు గుర్తురాదు. ఆ కాళ్ళేమో గాలిలో ఉన్నాయి. పట్టుకుని తిప్పుతాను. కదలదు. నాకు భయంగా ఉంది.

పిన్ని పది తలల దూరంలో ఉంది. చెల్లెలికి అవతలి పక్కనున్న సత్తిబాబు అప్పుడే దానికి మోచెయ్యి ఆనించాడు.

"ఆగు సత్తిబాబూ, పిన్ని ఇంకా చూళ్ళేదు!"

"చూసేదేంటమ్మా, కాళ్ళు కనపడతన్నాయిగా. ఇక్కడ సందు పడిందంటే గంజంతా నెత్తుట్లోకి పోద్ది. అందరం పోతాం."

వాడన్నది నిజమే. అందుకే నాకు ఒళ్ళు మండుతోంది.

పిన్ని వస్తుంది. గుండు వేలాడదీస్తుంది. "నొక్కండమ్మా," అంటుంది.

సత్తిబాబు నొక్కుతాడు. నూకరత్నం పైకి జారుతుంది. మా నడుముల మధ్య కుట్లు పటపటమంటాయి.

"అక్కా, వదలకే!"

వదలను. చాప మీంచి నా కాళ్ళు తీసేస్తాను. నా తల కిందికి వెళ్తుంది. సందు పడుతుందేమోనని ఇవతలావిడ కూడా తిరుగుతుంది, ఆమెతో ఆ పక్కావిడ, అలా వీధి వీధంతా. తిట్టుకుంటూ సత్తిబాబు ఆఖర్న తిరుగుతాడు.

నెత్తుటి కాలవ జుట్టుకి తగులుతోంది. వెచ్చగా ఉంది. మేం పీల్చుకుంటున్నాం. అరికాళ్ళ గుండా పైకి పంపిస్తున్నాం.

పిన్ని మా అరికాళ్ళ మీద నిలబడి గుండు వదులుతుంది. అది దారాన్ని బిగదీసుకుని పైకి లేచి, ఆమె తలకి పైన కదలకుండా ఆగుతుంది.

"నిలువుగానే ఉన్నారు," అంటుంది పిన్ని.

గంజి ఎర్రగా వస్తోంది. నేను చెల్లెల్ని వదల్లేదు.