టెస్సీ మంచం కింద నేల

కోరీన్ మళ్ళీ చెక్క నేల తుడుస్తోంది. గుడ్డని గట్టిగా పిండి, మోకాళ్ళ మీద కూర్చుని, తడి కంటికి కనిపించకుండా తుడుస్తోంది. కూతురు టెస్సీ మంచం కోడు దగ్గర చెయ్యి ఆనించిందో లేదో, నేల నానిన అట్టముక్కలా లోపలికి దిగింది. పోయిన వారం ఇంత మెత్తగా లేదు.

"బకెట్లకొద్దీ నీళ్ళు పోసి కడిగితే మెత్తబడక ఏం చేస్తుంది?" అన్నాడు మొగుడు డ్వేన్, మొదటిసారి చెప్పినప్పుడు. ముక్కిపోయిన కంపు వస్తోందంటే, "నాకేం రావట్లేదే! లేనిపోని వాసనలన్నీ నీ ముక్కుకే" అన్నాడు. అత్తగారు వెల్మా చర్చి నుంచి వస్తూ గుమ్మంలోనే ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుంది. "మేమూ ఇలాంటి ట్రైలర్ ఇంట్లోనే ముగ్గుర్ని పెంచాం తల్లీ. అంతా ఇల్లాలి చేతిలో ఉంటుంది." ఆ 'తల్లీ'లో ఎంత విషముందో కోడలికే తెలుస్తుంది. అన్యాయమేమిటంటే, కోరీన్ వాళ్ళ మాట నమ్మింది. నేల పాడైందీ, పిల్లకి దగ్గు పట్టుకుందీ తన చేతకానితనం వల్లేనని కుమిలిపోయింది. ఇంట్లో తేమ బూజుందా అని డాక్టరడిగితే, "అబ్బే, లేదండీ" అని డ్వేనే జవాబిచ్చాడు. ఆమె పిల్ల చొక్కా గుండీలు పెడుతూ ఉండిపోయింది. డ్వేన్ ఆమెని కొట్టడు. తలుపుల్ని కొడతాడు. ఆ చప్పుడికే ఆమెకి సగం ప్రాణం పోతుంది.

వసారాలో టెస్సీ దగ్గింది. దగ్గు చివర సన్నగా ఈల. కోరీన్ ఇక ఆగలేకపోయింది. డ్వేన్ కునుకు తీస్తున్నాడు, బట్టలారబెట్టే డ్రైయర్లో అతని యూనిఫారాలు తిరుగుతున్నాయి. వెనక్కి వెళ్ళి, దిమ్మెల మీద నిలబెట్టిన ఇంటి అడుగు చుట్టూ కట్టిన ప్లాస్టిక్ రేకొకటి ఊడదీసి, టార్చితో లోపలికి పాకింది. పాములుంటాయేమోనని టార్చి నాలుగు పక్కలా తిప్పి చూసింది.

లోపల ఆవిరి. కింద బురద, పైన నేలకి అడుగున కట్టిన పట్టా నీళ్ళతో ఉబ్బి, ముఖానికి జానెడు ఎత్తున వేలాడుతోంది. దాని పక్కనే డ్రైయర్ గొట్టం బుసబుసా తడి వేడి గాలి కక్కుతోంది. అప్పుడు గుర్తొచ్చింది. చలికాలంలో ఆ కాలనీలో సగంమంది చేసే పనే అది. "వేడి బైటికి పోకుండా గొట్టం కిందికి తిప్పాను. పైపులు గడ్డకట్టవు. మా నాన్న చిట్కా!" అని పోయిన చలికాలం మురిసిపోయాడు డ్వేన్. చుట్టూ రేకుల్లో ఉన్న గాలి రంధ్రాల్లో గుడ్డలు కుక్కిందీ అతనే. వసంతం రాగానే డ్వేన్ తప్ప అందరూ తీసేశారు. ఇప్పుడు ఆగస్టు. ఉక్కపోసే అలబామా ఆగస్టు! తను ఉతికిన ప్రతి బట్ట తడీ తన బిడ్డ మంచం కిందికే చేరింది.

నెత్తి మీద అడుగుల చప్పుడు. "కోరీన్! నా యూనిఫారం ఆరిందా? ఎక్కడ చచ్చావ్?"

పట్టాలోంచి చల్లటి చుక్క మెడ మీద పడింది. కోరీన్ గొట్టాన్ని బైటికి లాగింది, గుడ్డలన్నీ పీకేసింది.

బురద ఒంటితోనే లోపలికొచ్చి, టెస్సీ దిండు తన మంచం మీద, డ్వేన్ దిండు టెస్సీ మంచం మీద పెట్టింది.

"ఇదేం వేషం? నా దిండక్కడెందుకు?" గుమ్మంలోకొచ్చాడు డ్వేన్.

"నీ గొట్టం బైట పడేశాను. ఈ నేల బాగయ్యేదాకా పిల్ల నా దగ్గర పడుకుంటుంది. నువ్వు ఇక్కడ పడుకో."

తలుపు మీద దబ్బున గుద్దు పడింది. ఆమె కళ్ళు మూసుకుంది గానీ కదల్లేదు.

"మతి పోయిందా? ఈ కంపులో నేనెలా పడుకుంటాను?"

కోరీన్ కళ్ళు తెరిచింది.

"ఏ కంపు, డ్వేన్?"