ఆయన పేరు పెట్టిన ఫాంటు

కంప్యూటర్ తెర మీద ఎర్రటి అక్షరాల్లో మా ఆయన పేరు వచ్చింది. పక్కనే దొరకలేదని ఇంగ్లీషులో ఒక మాట. నాకు ఒళ్లు మండిపోయింది. దొరక్కపోవడమేమిటి, మనిషి నా పక్కనే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చాయ్ తాగుతుంటే!

సూరత్ లింబాయత్‌లో మాది పెళ్లికార్డుల దుకాణం. బట్టల మిల్లుల్లో లూముల పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మన తెలుగువాళ్ల ఇళ్లలో పెళ్లి కుదిరితే కార్డు మా దగ్గరే వేయిస్తారు. ఒకప్పుడు కార్డు మీద పేర్లన్నీ మా ఆయనే చేత్తో రాసేవాడు. ఆయన రాసిన కార్డును జనం సంచిలో పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని చూసుకుంటూ పోయేవారు. ఆయన దోస్తు కమలాకర్‌ది ఊరి బయట పల్సానాలో చీరల మిల్లులో కంప్యూటర్ పని. అతను ఒక వానాకాలమంతా మా ఆయన వెంటపడి అచ్చులూ హల్లులూ ఒత్తులూ కాగితాల మీద రాయించుకుని, వాటిని ఫాంటుగా మార్చాడు. దానికి మా ఆయన పేరే పెట్టాడు. కార్డులు కూర్చే సాఫ్ట్‌వేర్‌కు మ్యాటర్ టైపు చేసి ఇచ్చి, ఫాంటు ఫలానా ఫోల్డర్లో ఉందని దారి రాస్తే చాలు, అదే పోయి తెచ్చుకుని పేజీ కూర్చి పెడుతుంది.

నిరుడు వానల్లో ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడిచేయి పడిపోయింది, మాట ముక్కలు ముక్కలైంది. ఆ వారమే దుకాణం వెనక ఖాడీ కాలువ పొంగి దుకాణంలోకి మురికినీళ్లు వచ్చాయి. తడిసిన పాత కంప్యూటర్ రేపో మాపో ఆగిపోయేలా ఉంటే, ఆసుపత్రికీ దుకాణానికీ మధ్య పరుగులు పెడుతూ అందులోవన్నీ నేనే కొత్తదాంట్లోకి ఎక్కించాను. ఆ తర్వాత ఆ ఫాంటు తెరిచింది లేదు. గిరాకీ అడిగితే లేదని చెప్పేదాన్ని. ఆ అక్షరాలు చూస్తే నాకు ఏడుపొస్తుంది, నేనేడిస్తే ఆయన చూస్తాడు. ఎందుకొచ్చిన గోల అని బజార్లో దొరికే ఫాంట్లతోనే నెట్టుకొచ్చాను.

ఇప్పుడు మా అమ్మాయి సంగీత పెళ్లి. కార్డంటూ వేస్తే నాయిన అక్షరాల్లోనే వేయాలని పట్టు పట్టింది. మ్యాటరంతా, ఫాంటు దారితో సహా, తనే టైపు చేసి పెట్టి పనికి పోయింది. మొదటి కార్డుకు నాలుగు మూలలా పసుపు రాసి ఆ సాయంత్రమే మార్కండేయ గుడిలో దేవుడి ముందు పెట్టాలి. వియ్యంకుల వాళ్లూ అక్కడికే వస్తున్నారు. ఇక్కడ చూస్తే సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ వెతికిందో చెప్పుకొస్తోంది. దారిలో చెప్పిన ఫోల్డర్ చూసిందట, కార్డు ఉన్న చోటు చూసిందట, తన సొంత ఫాంట్ల చోటు చూసిందట, కంప్యూటర్లో ఉన్న ఫాంట్లన్నీ చూసిందట. ఎక్కడా లేదని చెప్పి, ఏవో సన్నటి పీనుగు అక్షరాలు తెచ్చి నా బిడ్డ పేరు కూర్చింది.

కమలాకర్‌కు ఫోన్ చేశాను. ఫోల్డర్ దారి చదివి వినిపించమన్నాడు. నేను చివరిదాకా చదివి, ఫాంటు పేరు దగ్గర ఆగి, "ఆ తర్వాత మీ దోస్తు పేరు" అన్నాను. దారి సరిగానే ఉందన్నాడు. కంప్యూటర్ మొత్తం ఆ పేరుతో వెతకమన్నాడు. ఆ పేరు నేను టైపు చేస్తానా? తెర మీది ఎర్ర అక్షరాల్లోంచి కాపీ చేసి వెతికే గడిలో పెట్టాను. ఏమీ రాలేదు.

అతని దగ్గరున్న కాపీ మిల్లులో కంప్యూటర్లు మార్చినప్పుడే పోయిందట. చేత్తో రాసిన కాగితాలు నిరుడే ఖాడీ నీళ్లలో పోయాయి.

"వదినె, నువ్వు ఎక్కిచ్చినప్పుడే అది రాలేదేమో," అన్నాడు కమలాకర్ మెల్లగా.

పోయింది ఫాంటు ఒక్కటే అయితే బాధ లేదు. ఆ చేయి మళ్లీ రాయదు. ఆ అక్షరాలు లోకంలో ఇంకెక్కడా లేవు. వాటిని పోగొట్టింది నేనేనా? భయానికి కోపం తోడై ఆయన మీదే విరుచుకుపడ్డాను, ఒక కాపీ ఎక్కడైనా దాచుకోవద్దా అని. పాపం, ఏ అక్షరాలైతే ఏమిటన్నట్టు ఆయన ఎడమచేయి ఊపాడు. అది చూసి నాకు ఇంకా మండింది.

అంతలో ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. మూతి ఒక పక్కకు లాగుతుండగా నవ్వడం మొదలుపెట్టాడు.

"నా పేరు... నువ్వు... ఉంచినవా?"

ఒక్కసారిగా గుర్తొచ్చింది. మొగుని పేరు పెళ్లాం నోట వస్తే ఆయుష్షు తగ్గుతుందని మా అవ్వ నూరిపోసిన మాట. ఆసుపత్రిలో ఆయన కళ్లు తెరవని రోజులవి. పాత కంప్యూటర్లో ఆయన పేరున్న ఫోల్డరూ ఫైలూ కనబడ్డాయి. ఆ పేరు నా చేతి మీదుగా దేంట్లోకీ ఎక్కకూడదని రెండింటి పేర్లూ మార్చేశాను. 'మాయన' అని పెట్టాను. పెట్టి మరిచిపోయాను.

ఆ పేరుతో వెతికితే, ఇంతసేపూ నన్ను ఏడిపించిన ఫాంటు దర్జాగా ప్రత్యక్షమైంది. ఇంకా ఫోన్లోనే ఉన్న కమలాకర్ సంగతి విని పగలబడి నవ్వాడు. ఏముంది, కార్డులో దారినే మార్చేసి 'మాయన' అని రాసుకో, నడుస్తుందన్నాడు. నేను అదే రాయబోయాను. మా ఆయన ఎడమచేయి వచ్చి నా చేతి మీద పడింది.

"పాత పేరే... పెట్టు."

నేను తల అడ్డంగా ఊపాను. కళ్లలో నీళ్లు ఆగలేదు. ఆయుష్షు సంగతి ఆయనకు తెలియనిదా?

"పేరు తీసేస్తే... దొరకలేదు గద," అన్నాడాయన.

ముక్కు చీదుకుని ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాను. ఫోల్డరుకు ఒకసారి, ఫైలుకు ఒకసారి. మళ్లీ కూర్చమంటే ఈసారి ఎర్ర అక్షరాలు రాలేదు. తెర నిండా ఆయన అక్షరాలు వచ్చాయి. 'సంగీత'లో సున్నా నిండుగా, తకారం తోక కొంచెం పైకి లేచి. కాన్పైన రోజు ఆసుపత్రి గోడకు ఆనించిన అట్ట మీద ఆయన ఆ పేరు రాసి చూపించినప్పుడు ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. ఆయన చూస్తాడన్న జ్ఞానం కూడా లేకుండా ఏడ్చాను. చూశాడు, చూడనీ.

ఇక మా దుకాణంలో ఒక పద్ధతి ఉంది. అచ్చుకు పోయే ముందు ప్రతి కార్డూ ఒకరు పైకి చదవాలి, ఒకరు విని తప్పులు పట్టాలి. చదివేది ఎప్పుడూ ఆయన, పట్టేది నేను. ఇప్పుడు ఆయన నోరు తిరగదు. కుర్చీ ముందుకు జరుపుకుని వినడానికి కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను. దేవుడి పేరు చదివాను, లగ్నం చదివాను, పెళ్లికొడుకు పేరు చదివాను. తర్వాతి వరుస దగ్గర ఆగిపోయాను. ఆయన తొందరపెట్టలేదు. చెవి నా వైపు పెట్టి నేల చూస్తూ కూర్చున్నాడు.

"శ్రీమతి ఊర్మిళ, శ్రీ..." అన్నాను. ఆ పేరు మీద వేలు పెట్టాను. "శ్రీ పరమేశ్ గార్ల ఏకైక పుత్రిక."

ఆయన తలెత్తాడు.

"ఆఁ," అన్నాడు, బళ్లో హాజరు పలికినట్టు. "ఈడనే... ఉన్న."