చెవులకి టికెట్టు

గ్రంథాలయం కిటికీ రెక్క విసురుగా వచ్చి ఆమె మోచేతికి తగిలింది. పుస్తకం జారిపోకుండా గుండెలకి అదుముకుని, రెక్కని మళ్లీ బయటికి తోసింది. మధ్యాహ్నం సైరను కూసి పది నిమిషాలైంది. ఇంకో ఇరవై నిమిషాల్లో అందరూ మిల్లులో ఉండాలి, లేకపోతే పూట కూలి పోతుంది. చదవాల్సిన వాక్యాలు రెండు మిగిలాయి.

కంకర మిల్లులో అందరూ ఆమెని మైకు అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు. రాయి నలిపే యంత్రం పక్కన పదేళ్లు నిలబడ్డవాళ్లతో మాట్లాడాలంటే గొంతు చించుకోవాల్సిందే. గ్రంథాలయంలోనేమో ఏ గోడ చూసినా ‘నిశ్శబ్దం’ అన్న అట్టముక్కే.

కార్డు ఖరీదు ఆరు రోజుల కూలి. ఇరవై మంది తలా కాస్త వేసుకుని, చదువొచ్చిన మైకు పేరు మీద ఒక్కటి కొన్నారు. వాళ్లకి కావలసింది ఒకే ఒక్క పుస్తకం, కార్మికుల నష్టపరిహార చట్టం. దాన్ని బయటికివ్వరు. పెన్ను పట్టుకుని దగ్గరికి రానివ్వరు. నకలు కావాలంటే పేజీకి ఒక రోజు కూలి. అందుకని మిల్లులో తట్టలందించుకునే పద్ధతే ఇక్కడా పెట్టుకున్నారు. ఆమె కిటికీ దగ్గర నిలబడి అరిచి చదువుతుంది. బయట వరసలో ఉన్నవాళ్లు మనిషికొక వాక్యం చొప్పున కంఠతా పడతారు. నాలుగు రోజులుగా ఇదే పని. సాయంత్రం అర్జీలు టైపు చేసే అతని ముందు అందరూ వరసగా అప్పజెప్పాలి.

అర్జీ ఆమె తమ్ముడిది. అతని ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్మే. పదడుగులు వేస్తే గోడ పట్టుకోవాలి. కాంట్రాక్టరు ‘అది బీడీల దగ్గు’ అని కొట్టిపారేశాడు. తనంతట తానే పని మానుకుంటున్నట్టు రేపు పొద్దున వేలిముద్ర వెయ్యమన్నాడు. ముద్ర పడిందా, ఇక మందులకి పైసా రాలదు.

ఆఖరి వాక్యం, ఎన్నాళ్లలోగా అర్జీ పెట్టాలో చెప్పేది, బండలకి డ్రిల్లు వేసీ వేసీ చెవులు మొద్దుబారిన డ్రిల్లు తాతకి కేటాయించారు. ఒకసారి చెవిలో పడితే తాత చచ్చినా మర్చిపోడు. పడటమే కష్టం.

“ఇక ఆపమ్మా,” అన్నాడు లైబ్రేరియను. అతను చెడ్డవాడేం కాదు, మొదటిరోజు పేజీ వెతికిపెట్టింది అతనే. ఇప్పుడు వెనక గ్రంథాలయం కమిటీ పెద్దమనిషి నిలబడ్డాడు కాబట్టి ఆమె ముఖంలోకి చూడలేకపోతున్నాడు. “కార్డు నీ ఒక్కదానిదే. కిటికీ కింద వినేవాళ్లు కూడా రుసుము కట్టాలంట.”

“చెవులకి కూడా టికెట్టా సార్?”

“ఒక్క టికెట్టు మీద ఇరవై మంది బస్సెక్కితే ఊరుకుంటారా?” అన్నాడు పెద్దమనిషి.

“మేం సీట్లడగలేదయ్యా. ఎండలోనే నిలబడ్డాం.”

పెద్దమనిషి చెయ్యూపాడు. ముగ్గురు వాచ్‌మన్లు కర్రలతో బయటికెళ్లారు. “నడవండి, నడవండి” అని వెనకనించి రెండుసార్లు అరిచారు. కిటికీ వైపు తిరిగి ఉన్నవాళ్లలో సగం మందికి అది వినపడనే లేదు. వినపడనందుకే ముందు దెబ్బలు తిన్నారు. ఒకడి వెన్ను మీద కర్ర విరిగింది. తట్టలు మోసే ఆడమనిషి తల పట్టుకుని కూలబడింది, వేళ్ల సందుల్లోంచి రక్తం కారుతోంది. తమ్ముడు పరిగెత్తలేక గోడకి చేరగిలబడ్డాడు. అతని పక్కటెముకల మీద పడిన దెబ్బ చప్పుడు లోపలికి వినిపించింది.

“వాడికి ఊపిరాడదు, వాణ్ణి కొట్టకండి,” అంది మైకు. ఎవరూ ఆగలేదు. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. పుస్తకం తెరిచి, ఉన్న గొంతంతా పెట్టి చదివింది. “రాతిదుమ్ము వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధికి యజమాని పరిహారం చెల్లించవలెను.”

కింద కూలబడ్డ ఆడమనిషి తల పట్టుకునే ఆ మాట మళ్లీ అంది. ఇంకోసారి అంది. ఆమె వంతు అయిపోయింది.

పెద్దమనిషి వెనకనించి మైకు జుట్టు పట్టుకుని ముఖాన్ని కిటికీ ఊచకేసి కొట్టాడు. రెండు పళ్లు ఊడి అరుగు మీద పడ్డాయి. పేజీ మీద రక్తం చిందింది.

“పుస్తకం పాడుచేసింది. జరిమానా రాయండి,” అన్నాడు అతను చెయ్యి తుడుచుకుంటూ. లైబ్రేరియను పెన్ను తీశాడు కానీ మూత విప్పలేదు.

బయట వరస చెదిరిపోయింది. కొందరు రోడ్డు దాటారు. తమ్ముడు నేలమీద ముడుచుకుని ఈల వేస్తున్నట్టు ఊపిరి లాగుతున్నాడు. అప్పుడు డ్రిల్లు తాత ఒక్కడే తిరిగి కిటికీ కిందికి వచ్చాడు. కర్ర దెబ్బకి చెవి చీలి, రక్తం మెడ మీదుగా చొక్కాలోకి దిగుతోంది.

“పోతావా, ఇంకోటి కావాలా?” అన్నాడు వాచ్‌మన్ కర్రెత్తి.

తాత అటు చూడలేదు. రెండో చెవి వెనక అరచెయ్యి దొప్పలా పెట్టుకుని పైకి చూశాడు.

“నా ముక్క ఇంకా రాలేదమ్మా. కాస్త గట్టిగా చదువు.”

ఆమె నోట్లో రక్తం మింగి, వేలితో ఆ వరస వెతుక్కుంది.