హాబిస్ ముట్టని కాఫీ

సల్త్ ఊళ్లో హాబిస్‌ని ఎరగనివాళ్లు లేరు. రిటైరైన బస్సు డ్రైవరు, డెబ్బై మూడేళ్లు, భార్య పోయి చాలాకాలమైంది. ఎక్కడికెళ్లినా పాత బస్సు స్టీరింగు చేత్తో పట్టుకునే నడుస్తాడు, సందు మలుపులో తిప్పుతాడు కూడా! ఇలాంటి మనిషికి సినిమాలో పెళ్లికొడుకు వేషమిచ్చిందంటే ఆ డైరెక్టరు పిల్ల లీన్‌కి ధైర్యమన్నా ఉండాలి, డబ్బన్నా లేకపోవాలి. రెండోదే నిజం. పెళ్లికూతురు వేషం రస్మియ్యాది. ఆవిడేం తక్కువ తినలేదు, తన కోళ్లకు స్వెట్టర్లు అల్లుతుంది.

నెల్లాళ్ల షూటింగులో హాబిస్ ఆమెను నిజంగానే ప్రేమించేశాడు. చెప్పడానికి మాత్రం నోరు పెగల్లేదు. ఇవాళ ఆఖరి రోజు. రేపట్నుంచి ఏ వంక పెట్టుకుని ఆమె గుమ్మం తొక్కుతాడు పాపం?

తియ్యాల్సింది పిల్లనడిగే సీను. అక్కడి ఆచారం ప్రకారం, పెళ్లికొడుకు తరఫున అడగొచ్చిన పెద్దమనిషి ముందు కాఫీ పెడతారు. ఇస్తామని మాటిచ్చేదాకా అతను ముట్టకూడదు, ముట్టాడా పరువు పోయినట్టే. పెద్దమనిషి వేషానికి ఎవరూ దొరక్క అదీ హాబిస్ నెత్తినే పడింది.

రస్మియ్యాకి అన్నగా వేషం కట్టిన ప్లంబరు, "కాఫీ తాగండి, పిల్లనిచ్చాం" అన్నాడు.

హాబిస్ కదల్లేదు.

"బాబాయ్, తాగు!" అని అరిచింది లీన్.

"ఎలా తాగనమ్మా? వీడు ఆమె అన్నా? మొన్న మా కుళాయి బాగుచేసి పోయినవాడు!"

తొమ్మిదిసార్లు తీశారు. తొమ్మిదిసార్లూ కాఫీ చల్లారిపోయింది. చివరికి లీన్ విసిగిపోయి, ఆమె అసలు అన్న మజ్యద్‌ని ఇంట్లో వేసుకునే చెప్పులతోనే లాక్కొచ్చింది.

"ఇచ్చానని ఒక్క మాటనండి, మీకు పుణ్యముంటుంది!"

"నేనిస్తే వెళ్లడానికి అది నా మాట ఏనాడు విన్నది? దాన్నే అడుక్కోండి" అన్నాడు మజ్యద్.

సీను ప్రకారం రస్మియ్యా వంటింట్లోనే ఉండాలి. ఉంటుందా? విసురుగా వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, ప్లంబర్ని అడిగావు, మా అన్ననీ పిలిపించావు. నన్నడిగితే నీ నాలుక అరిగిపోతుందా?"

హాబిస్ గొంతు ఎండిపోయింది. ఎదురుగా కాఫీ ఉంది, తాగడానికి లేదు. "నన్ను చేసుకుంటావా రస్మియ్యా? సినిమాకి కాదు" అన్నాడు.

"చేసుకుంటాను."

అమ్మయ్య అనుకుని కప్పు అందుకోబోయాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"అప్పుడే తాగకు. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, నా కోసం కాఫీ ముట్టకుండా కూర్చున్నవాడు ఒక్కడూ లేడు. ఇంకాస్సేపు కూర్చో."

హాబిస్ చెయ్యి వెనక్కి తీసుకుని బుద్ధిగా కూర్చున్నాడు. ఆమె ఎదురుగా స్టూలు లాక్కుని, అతన్ని తనివితీరా చూస్తూ ఉండిపోయింది.