చెవి మేస్త్రి

చట్రాన్ని కిందికి లాగి, గురి కాగితం మీది చిల్లును వేలితో తడిమి, జిగురు రాసిన అతుకుముక్కను బొటనవేలితో అదిమాడు మేస్త్రి. తాడు వదలగానే చట్రం మళ్లీ కందకం గట్టు మీదికి లేచింది. ఇరవయ్యేడేళ్లుగా ఇదే పని. వెయ్యి మీటర్ల అవతల ఎవరో పడుకుని రైఫిల్ పేలుస్తారు. ఇక్కడ తలకు మూరెడు ఎత్తున కాగితానికి చిల్లు పడుతుంది. ఆయన దాన్ని మూస్తాడు. ఏనాడూ తుపాకి పట్టి ఎరగడు. సన్నటి మనిషి, గోళ్ల సందుల్లో ఎండిన జిగురు, పక్కింటి మాటలు ఆలకిస్తున్నట్టు ఓ పక్కకు వాలిన మెడ.

తూటా చప్పుడు విని ఏది వాడాలో చెబుతాడని కాల్చేవాళ్లు ఆయన్ను చెవి మేస్త్రి అంటారు. ప్రతి తూటా పెట్టె మీదా బాలిస్టిక్ కోఎఫిషెంట్ అని ఒక అంకె ఉంటుంది. అంకె ఎంత పెద్దదైతే దారిలో గాలి దాని వేగాన్ని అంత తక్కువ గుంజుకుంటుందని అర్థం. వేగం మిగుల్చుకుని వచ్చిన తూటా నెత్తిమీద కొరడా ఝళిపించినట్టు ఛెళ్లుమంటుంది. మిగుల్చుకోలేనిది ఉస్సురంటూ వస్తుంది. పెట్టె మీది అంకె అమ్మేవాడి మాట, నెత్తి మీది చప్పుడు చేరిన సరుకు. మేస్త్రి చేరిన సరుకునే నమ్ముతాడు.

ఆ ఉదయం మేనకోడలికి జట్టు ఎంపిక పోటీ. ఈసారి చోటు దక్కకపోతే రైఫిల్ మూటగట్టేస్తానని ఇంట్లో చెప్పేసింది. ఆమె దగ్గర రెండు పెట్టెలున్నాయి. ఒకటి మధ్యరకం. రెండోది పొడుగు తూటా, అంకె బాగా పెద్దది. కానీ పొడుగు తూటా నిలకడగా తిరగాలంటే రైఫిల్ గొట్టం లోపలి గాడుల మెలిక బిగువుగా ఉండాలి. ఆమె గొట్టంలో మెలిక వదులు. ఎండాకాలం ఎలాగో నెట్టుకొచ్చింది, ఈ చలిలో ఏం చేస్తుందో ఎవరికీ తెలియదు.

పోటీకి ముందు సాధన గంటలో మధ్యరకం నాలుగు కాల్చి, కందకంలోకి ఫోన్ చేసింది.

"మామయ్యా, ఎలా వస్తున్నాయి?"

మేస్త్రి కాగితం వంక చూశాడు. నాలుగు చిల్లులూ కంపాసుతో గీసినట్టు గుండ్రంగా ఉన్నాయి. ఛెళ్లుమనే చప్పుడు మాత్రం లేదు. ఇంత శుభ్రమైన చిల్లు చేసిన తూటా ఇలా మూలుగుతూ ఎందుకొస్తుందో ఆయనకు అంతుపట్టలేదు. కన్ను ఒకటి చెబుతోంది, చెవి ఇంకొకటి.

"చిల్లులు బాగున్నాయి తల్లీ. ఛెళ్లుమనడమే లేదు. ఉస్సురంటున్నాయి."

"చలికి గాలి చిక్కబడిందేమో. పొడుగువి వెయ్యనా?"

ఆయన నాలుగు చిల్లుల్నీ మళ్లీ వేలితో తడిమాడు. చివరికి, వెయ్యి అన్నాడు.

పోటీలో మొదటి చిల్లు కోడిగుడ్డులా వచ్చింది. రెండోది ఇంకాస్త సాగింది. మూడో తూటా గాలిలో అడ్డం తిరిగి, తన నిలువు పొడుగంతా కాగితం మీద అచ్చేసి పోయింది. మేస్త్రి గుర్తుల కర్ర పైకెత్తి తక్కువ మార్కులు చూపించాడు. పెట్టె మీది అంకె పెద్దది, చిల్లు వంకర. మరి ఇందాకటి గుండ్రటి చిల్లులు?

పక్క చట్రం చూసే బండోడు అప్పుడే నవ్వాడు. "ఏంటి మేస్త్రీ, నా లైన్లో తూటా అంత ఛెళ్లుమంటే నేను ఎగిరిపడ్డాను. నువ్వు కన్నన్నా ఆర్పలేదు. నిద్రపోతున్నావా?"

మేస్త్రి బండోడి కాగితం వంకే చూస్తూ నిలబడ్డాడు. కాసేపటికి దానికి చిల్లు పడింది. బండోడి భుజాలు ఉలిక్కిపడ్డాయి. మేస్త్రికి మాత్రం ఈగ ముసిరినంత ఉస్సురే వినబడింది.

పోటీ ముగిశాక మేనకోడలు కందకం మెట్లు దిగి వచ్చింది. తనకు చోటు రాలేదంది.

"తప్పు తూటాది కాదు తల్లీ. మధ్యరకమే సరైంది. వినబడనిది నాకు."

"ఎప్పట్నుంచి?"

"అది తెలిస్తే నిన్ను వెయ్యమంటానా?"

ఆమె మెట్టు మీద కూర్చుని బూటుకంటిన మట్టిని పుల్లతో గీకింది. "అత్తయ్య గొంతు సన్నబడిపోయిందని నిరుటి నుంచీ అంటున్నావు కదా మామయ్యా," అంది.

చెవులు ఆయన అసలు సొమ్ము. ఇన్నేళ్లూ వడ్డీయే తింటున్నాననుకున్నాడు. ప్రతి ఛెళ్లూ అసలులోంచి చిటికెడు తీసుకుపోయింది. పోయిన నెల కాల్చడానికొచ్చిన పళ్ల డాక్టరుకు తూటా మార్చమన్నాడు. వానలకు ముందు బస్సు డ్రైవరుకూ అదే చెప్పాడు. వాటిలో ఏది చెవి ఉన్నప్పటి సలహా, ఏది పోయాక ఇచ్చింది? వెనక్కి లెక్కేసుకుంటూ వెళ్లాడు. ఎక్కడ ఆగాలో తెలియలేదు.

సాయంత్రం కాకముందే కందకం ఫోన్ బండోడి చేతికిచ్చి, రేపటి నుంచి రానన్నాడు. బండోడు జ్వరమేమో అనుకున్నాడు. మేస్త్రి మెట్లెక్కి వెళ్లిపోతుంటే వెనక నుంచి రెండుసార్లు గట్టిగా పిలిచాడు. ఆయన తిరిగి చూడలేదు.

బండోడు ఆయన బల్ల సర్దబోయి సొరుగు లాగాడు. లోపల, గట్టిపడిన కుంచెల వెనక, చెవులకు పెట్టుకోమని క్లబ్బువాళ్లు ఏనాడో ఇచ్చిన తొడుగులున్నాయి. వాటి మీది ప్లాస్టిక్ కాగితం ఇంకా చింపలేదు.