నెమ్మదించిన నక్షత్రం

నూకరాజు మాస్టారు రిటైరై పద్దెనిమిదేళ్ళయింది గాని, ఎదుటివాడి మాటలో తప్పు వెతికే అలవాటు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది. అందుకే బెంగుళూరులో గ్రహాల మీద పరిశోధన చేస్తున్న మనవరాలు షైనీ, సోమవారం తన గైడు ముందు చెప్పాల్సిన పాఠాన్ని ముందు తాతకే అప్పజెబుదామనుకుంది. రాజోలు దగ్గర ఆ ఇంటి వరండాలో, భోజనాలయ్యాక, ఆయన పడక్కుర్చీలో కళ్ళద్దాలు సర్దుకుని కూర్చున్నారు. ఆయన భార్య కాంతమ్మ కాస్త అవతల చేటలో బియ్యం ఏరుతోంది.

"ఇదో చిన్న ఎర్ర నక్షత్రం తాతయ్యా. మన సూర్యుడి కన్నా చల్లన, చాలా నెమ్మది. దాని చుట్టూ భూమంత గ్రహం తిరుగుతోంది. దానికి గాలి ఉందేమోనని అందరం ఆశపడ్డాం. చూస్తే వట్టి రాయి."

"ఆగాగు." మాస్టారి మొహం వెలిగింది. "నక్షత్రం అంత నెమ్మదైందైతే గాలిని ఎవడెత్తుకుపోయేడు? నీ లెక్కలో పొరపాటుంది."

"ఇప్పుడు నెమ్మది. వయసులో ఉన్నప్పుడు కాదు. ఎక్స్ కిరణాలు, అతినీలలోహిత కిరణాలు కుమ్మరించేది. ఊరికూరికే భగ్గుమనేది. ఆ వేడికి పైగాలి ఉబ్బి, కొంచెం కొంచెం ఆకాశంలోకి జారిపోయింది. పెద్ద గ్రహమైతే తన బరువుతో గాలిని పట్టి ఉంచుకునేది. ఇది చిన్నది, నక్షత్రానికి పక్కనే ఉంది. నేనూ మొదట మీలాగే ఇవాళ్టి శాంతం చూసి లెక్క కట్టేను తాతయ్యా. లెక్క దాని వయసునాటి నుంచి కట్టాలి."

మాస్టారు మళ్ళీ తప్పు పట్టలేదు. చేట వైపు చూశారు.

మాస్టారంత సౌమ్యులు ఈ చుట్టుపక్కల లేరని ఇప్పుడు అందరూ అంటారు. పదిమందీ అన్న మాట ఎవరికి చేదు? ఆయనా నమ్మేశారు. కాని పెళ్ళైన కొత్తలో కాంతమ్మ పుట్టిల్లు ముక్తేశ్వరం నుంచి ఒక గొంతు తెచ్చుకుంది. పొయ్యి దగ్గరా, నూతి దగ్గరా పాటే. ఒక పొద్దున ఆయన పరీక్ష పేపర్లు దిద్దుతుంటే పాడింది. "నోర్ముయ్" అని అరిచి, చేతిలో గ్లాసు గోడకేసి కొట్టారు. నలభై ఎనిమిదేళ్ళ కిందటి మాట. ఆ తర్వాత ఆ ఇంట్లో పాట లేదు. అది సిగ్గుపడాల్సిన సంగతని ఆయనకి ఇవాళే తోచింది.

"పోయిన గాలి మళ్ళీ రాదా?" అని అడిగారు.

"నక్షత్రం తెచ్చివ్వలేదు తాతయ్యా. అది చెయ్యగలిగిందల్లా ఊరుకోవడమే. గ్రహం కడుపులో ఏమైనా మిగిలుంటే, అగ్నిపర్వతాల దారిన అదే బయటికి ఊదుకోవాలి."

లోపల ఫోను మోగితే షైనీ లేచి వెళ్ళింది. మాస్టారు కుర్చీ దిగి, మోకాళ్ళు పట్టుకుని, చేట పక్కన నేల మీద చతికిలబడ్డారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే ఇది. ఆ సంగతి ఆయనకీ తెలుసు.

"కాంతం, ఆవేళ నేనలా చేసుండకూడదు. తప్పు నాదే."

"ఏవేళండీ?" అందామె, తల ఎత్తకుండా. "చాలా ఉన్నాయి కదండీ."

"నువ్వు పాడుతుంటే గ్లాసు విసిరేను చూడు, ఆవేళ. నీ పాట నేనే పోగొట్టేను."

కాంతమ్మ వేళ్ళు ఆగాయి.

"పాటెక్కడికి పోయిందండీ? గురువారం గురువారం చర్చిలో స్త్రీల ప్రార్థన కూడికలో పాడతాను కదండీ, ముప్పయ్యేళ్ళ బట్టీ. పెళ్ళిళ్ళకీ పిలిచి పాడిస్తారు. మీకు వినపడేచోట మానేసేను, అంతేనండి."

ఊరందరూ విన్న పాట తనొక్కడికే లేకుండా పోయిందన్నమాట. ఆయనకి కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. చాలాసేపు బియ్యంలో రాళ్ళు వెతికారు, ఒక్కటీ కనపడలేదు.

"ఈ గురువారం నేను రానా?"

"ఆడాళ్ళ కూడికండీ అది."

"గేటు బయట నించుంటాను."

కాంతమ్మ చేట ఒకసారి చెరిగింది. ఆయన మొహంలోకి తిన్నగా చూసింది.

"గేటు దాకా వద్దండీ. మీరక్కడున్నారంటే నాకు గొంతు లేవదు. కాలవ గట్టు మీద కూచోండి. అక్కడికి వినపడుతుంది లెండి."

"ఆయ్," అన్నారు మాస్టారు, తల ఊపి.